పండక్కి వెళ్ళిన హైబ్రిడ్: తొమ్మిది రోజులు, 1,700 కిలోమీటర్లు

మొదటి రోజు: నాగోలు నుంచి లొల్ల లాకుల దాకా

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే రద్దీ తప్పించుకోవచ్చని అనుకున్నాను. భోగికి ముందురోజు హైదరాబాదులోని ఆంధ్రా వాళ్ళందరూ సరిగ్గా అదే అనుకుంటారని ఇరవై ఏళ్ళుగా తెలుసు. అయినా ప్రతి ఏడాదీ మరిచిపోతాను.

సెల్లార్ నుంచి బండి తీస్తుంటే చప్పుడే లేదు. బ్యాటరీలో కాస్త కరెంటు ఉంటే మా బండి ఇంజన్‌ను లేపకుండానే కదులుతుంది. గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో దుప్పటి కప్పుకుని నిద్రపోతూనే ఉన్నాడు. మా ఆవిడే దిగి గేటు తీసి, బండి దాటాక మళ్ళీ వేసి వచ్చి కూర్చుంది. "ఎవరైనా చూస్తే మనమే బండి ఎత్తుకుపోతున్నాం అనుకుంటారు" అంది.

బండి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మూడేళ్ళ కిందట కొన్న హైబ్రిడ్ సెడాన్. కంపెనీ పేరు ఎందుకులెండి, ప్రకటన అనుకుంటారు. ఒకటిన్నర లీటర్ల పెట్రోలు ఇంజన్, రెండు ఎలక్ట్రిక్ మోటార్లు, నలభై లీటర్ల ట్యాంకు. బ్యాటరీ ఎంతంటే, నిండా నింపినా ఒక యూనిట్ కరెంటు పట్టదు. ఇంట్లో గీజర్ అరగంట వేస్తే అయిపోయేంత. అంత చిన్నదానితో ఏం చేస్తారని అందరూ అడుగుతారు. నేనూ కొనేముందు అడిగాను. దానికి జవాబు నాకు షోరూములో దొరకలేదు, ఈ ప్రయాణంలో ఏడో రోజున దొరికింది.

అబ్దుల్లాపూర్‌మెట్ దాటేదాకా బాగానే సాగింది. చౌటుప్పల్ వచ్చేసరికి ముందర ఎర్ర దీపాల తిరనాళ్ళు. పంతంగి టోల్‌గేటు ఇంకా కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడి నుంచి గంటన్నర సేపు మేము నడిచే మనిషి కన్నా నెమ్మదిగా కదిలాం.

సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ గంటన్నర నాకు పండగే. చుట్టూ కార్లు గుర్రుమంటున్నాయి. కొందరు పెట్రోలు ఆదా చేద్దామని ఏసీ ఆపేసి అద్దాలు దించుకుని పొగ మింగుతున్నారు. మా బండిలో ఏసీ కంప్రెసర్ కూడా బ్యాటరీ కరెంటుతోనే నడుస్తుంది కాబట్టి, ఇంజన్ ఆగినా చల్లదనం ఆగదు. బ్యాటరీ తగ్గినప్పుడు ఇంజన్ తనంతట తానే లేచి, రెండు మూడు నిమిషాలు జనరేటర్ తిప్పి, మళ్ళీ పడుకుంటుంది. క్లచ్ నొక్కీ నొక్కీ నొప్పి పుట్టిన ఎడమకాలి కథ మాకు లేదు. ఎందుకంటే అసలు గేర్లే లేవు.

మా బావమరిది కొండాపూర్ నుంచి తన పదేళ్ళ నాటి డీజిల్ సెడాన్‌లో వస్తున్నాడు. టోల్‌గేటుకు అటువైపు టీ దగ్గర కలిశాడు. "బావా, నా బండి స్క్రీన్ మీద మైలేజీ పన్నెండుకు పడిపోయింది. నీది?" అన్నాడు. ఇరవై మూడు అన్నాను. అతను టీ గ్లాసులోకి చూసి, "హైవే రానీ, చెబుతాను" అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

సూర్యాపేటలో ఇడ్లీ, కోదాడ దాటాక గరికపాడు దగ్గర సరిహద్దు, నందిగామలో మరో ఆగుడు. విజయవాడలో కనకదుర్గ ఫ్లైఓవర్ మీద నుంచి ఎడమవైపు కొండ, కుడివైపు కృష్ణ. మా ఆవిడ కదిలే బండిలోంచే అమ్మవారికి దణ్ణం పెట్టుకుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు దాటి, సిద్ధాంతం దగ్గర వశిష్ట గోదావరి మీద వంతెన ఎక్కేసరికి పొద్దు వాలుతోంది. రావులపాలెంలో అరటి గెలల లారీల మధ్య నుంచి ఎడమకు తిరిగి, కాలవ గట్టు వెంట ఆత్రేయపురం వైపు వెళ్తే మా అత్తగారి పల్లె. లొల్ల లాకుల దగ్గర కాసేపు ఆగాం. నీళ్ళ హోరు వినడానికి మా బండి ఇంజన్‌ను ప్రత్యేకంగా ఆపనక్కర లేకపోయింది.

430 కిలోమీటర్లకు ఇరవై లీటర్లు. అంటే లీటరుకు 21.5. పంప్‌లో నాజిల్ దానంతట అది ఆగేదాకా నింపి, మళ్ళీ అలాగే నింపి వేసే లెక్క ఇది. బండి తెర మీద కనిపించే అంకె ఎప్పుడూ కాస్త ముద్దుగా ఎక్కువ చూపిస్తుంది. నేను చిన్న నోట్‌బుక్కులో రాసుకుంటాను. ఇంట్లో అందరికీ అది హాస్యమే.

రెండో రోజు: భోగి, బోరు, డాబా మీద ట్యాంకు

తెల్లవారకముందే భోగిమంట. పిడకల దండలు మంటలో పడుతుండగా మా మామగారు నా పక్కకు వచ్చి నిలబడ్డారు. ఆయనకు ఎనభై దాటాయి. కొబ్బరి తోట చూసుకుంటారు. మూడేళ్ళుగా కలిసిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న: "అల్లుడుగారూ, దీన్ని ఎక్కడ ఛార్జింగ్ పెడతారు?"

పెట్టనక్కర లేదని మూడేళ్ళుగా చెబుతున్నాను. ప్లగ్గు పెట్టే రంధ్రమే లేదని వెనక్కీ ముందుకీ తిప్పి చూపించాను కూడా. ఆయనకు నమ్మకం కుదరలేదు. ఆయనకే కాదు. పెట్రోలు బంకు కుర్రాడు, మా సొసైటీ కార్యదర్శి, ఇన్సూరెన్స్ ఏజెంటు, అందరిదీ ఇదే ప్రశ్న. హైబ్రిడ్ కొన్నవాడికి డ్రైవింగ్ లైసెన్సుతో పాటు ఉపన్యాస కళ కూడా రావాలి.

ఆ పొద్దున ఉపన్యాసం మానేసి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని కాలవ గట్టు మీద బయల్దేరాను. బండి తెర మీద శక్తి ఎటు పోతోందో బాణాలతో చూపించే బొమ్మ ఒకటుంది. నెమ్మదిగా పోతున్నప్పుడు బ్యాటరీ నుంచి చక్రాలకు బాణం. బ్రేకు నొక్కగానే చక్రాల నుంచి బ్యాటరీకి బాణం. ఇంజన్ లేచినప్పుడు దాని నుంచి జనరేటర్ మీదుగా రెండు వైపులకూ బాణాలు. ఆయన పది నిమిషాలు కళ్ళద్దాలు సర్దుకుంటూ చూశారు. కొత్తపేట మలుపు దగ్గర ఉన్నట్టుండి అన్నారు: "ఓహో! ఇంజను బోరు అన్నమాట. బ్యాటరీ డాబా మీద ట్యాంకు. కుళాయికి నీళ్ళు ట్యాంకు నుంచి వస్తాయి, ట్యాంకు ఖాళీ అయితే బోరు వేస్తారు. ఏకబిగిన పొలానికి పెట్టాలంటే బోరు నుంచే గొట్టం."

నేను బండి పక్కకు తీసి ఆపాను. మా తరహా హైబ్రిడ్ గురించి నేను చదివిన వాటన్నిటిలోకీ ఇంత చక్కటి వివరణ లేదు. ఊళ్ళో తిరిగేటప్పుడు ఇంజన్‌కు చక్రాలతో సంబంధమే ఉండదు, అది కరెంటు మాత్రమే తీస్తుంది. హైవే మీద నిలకడగా పోతున్నప్పుడు మాత్రం ఒక క్లచ్ బిగుసుకుని ఇంజన్ నేరుగా చక్రాలను తిప్పుతుంది. అదే ఆయన చెప్పిన గొట్టం.

గట్టు మీద బండి నడపడంలో ఒక చిక్కు ఉంది. ముందున్న వాళ్ళకు మనం వస్తున్నట్టు తెలియదు. నెమ్మదిగా పోయేటప్పుడు బండి సన్నగా ఒక కృత్రిమ శబ్దం చేస్తుంది కానీ, అది కాలవ నీటి చప్పుడులో కలిసిపోతుంది. సైకిలు మీద గడ్డిమోపు పెట్టుకుని వెళ్తున్న పెద్దాయన వెనక రెండు నిమిషాలు నడిపి, చివరికి ఒక్కసారి చిన్నగా హారన్ కొట్టాను. ఉలిక్కిపడ్డారు. "వెనకాల దెయ్యంలా వస్తారేమిటి బాబూ" అన్నారు. న్యాయమైన ఫిర్యాదే. కోళ్ళు ఆ మాత్రం కూడా అనవు.

ఆత్రేయపురంలో పూతరేకులు తీసుకున్నాం. బోర్లించిన కుండ కింద మంట, పైన బియ్యప్పిండి జావలో తడిపిన గుడ్డతో ఒక్క విసురు, క్షణంలో రేకు. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక బోర్డులన్నీ పెద్దవయ్యాయి. రేకుల మందం మాత్రం మారలేదు, అదృష్టం.

మూడో రోజు

సంక్రాంతి. బండి ఎక్కలేదు. అరిసెలు ఎక్కువయ్యాయి.

నాలుగో రోజు: కదలని కాకి

కనుమ నాడు కాకైనా కదలదంటారు. కాబట్టి బండ్లన్నీ కొబ్బరి చెట్ల కింద వరసగా నిలబడి ఉన్నాయి, మేము అరుగు మీద గారెలు తింటూ వాటి గురించే మాట్లాడుకున్నాం. మగవాళ్ళకు వేరే పని లేదని మా ఆవిడ అభిప్రాయం.

ఆమె పిన్ని కొడుకు బెంగళూరు నుంచి వచ్చాడు. అతనిదీ హైబ్రిడ్ సెడానే. మా దానికన్నా పెద్దది, పన్నెండేళ్ళ నాటిది, దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు తిరిగింది. నాకు అతని మాట మీద గురి ఎక్కువ, ఎందుకంటే కొత్త బండి గురించి ఎవరైనా మంచే చెబుతారు. పెళ్ళైన ఆరు నెలలకు అల్లుడి గురించి అడగకూడదు, ఆరేళ్ళకు అడగాలి.

అతను చెప్పింది ఇది. పెద్ద బ్యాటరీ ఇప్పటికీ మొదటిదే, నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం. అది వెనక సీటు వెనకాల ఉంటుంది, చల్లబడటానికి క్యాబిన్‌లోని గాలినే సీటు పక్క రంధ్రం నుంచి పీల్చుకుంటుంది. ఆ రంధ్రానికి దిండ్లూ దుప్పట్లూ అడ్డం పెట్టకపోవడం, లోపలి జల్లెడలో దుమ్ము దులిపించడం, ఇవి రెండూ మరిచిపోనందుకే అది అన్నాళ్ళు బతికిందని అతని నమ్మకం. బ్రేకు ప్యాడ్లు లక్ష దాటాక మార్చాడు, ఎందుకంటే వేగం తగ్గించే పనిలో సగం మోటారే చేస్తుంది.

ఇబ్బంది పెట్టింది పెద్ద బ్యాటరీ కాదు, చిన్నది. ప్రతి కారులో ఉన్నట్టే హైబ్రిడ్‌లోనూ పన్నెండు వోల్టుల మామూలు బ్యాటరీ ఒకటి ఉంటుంది. కంప్యూటర్లు మేలుకోవాలంటే, పెద్ద బ్యాటరీ స్విచ్చి పడాలంటే అదే కావాలి. అతను ఒకసారి నెలకు పైగా బండిని విమానాశ్రయం పార్కింగులో వదిలి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి చిన్న బ్యాటరీ చచ్చిపోయింది. వెనకాల వందల వోల్టులు నిండుగా ఉన్నా తలుపు కూడా తెరుచుకోలేదు. "బావగారూ, గాదె నిండా ధాన్యం ఉంది, తాళంచెవి పోయింది, అలా అయింది నా పరిస్థితి" అన్నాడు. తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఊరెళ్తే వారానికోసారి ఎవరో ఒకరు అరగంట బండి ఆన్ చేసి ఉంచుతారు.

మాటల్లో పాత సంగతులు వచ్చాయి. టొయోటా ప్రియస్ జపాన్‌లో 1997 డిసెంబరులో మొదలైంది. మన దేశంలో హోండా 2008లో సివిక్ హైబ్రిడ్ తెచ్చింది. అప్పుడు దాని ధర విని నవ్వుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. 2013 నుంచి బెంగళూరు పక్కన బిడదిలో క్యామ్రీ హైబ్రిడ్ తయారవుతోంది. 2022లో హోండా సిటీ హైబ్రిడ్ వచ్చాక మధ్యతరగతి ఇళ్ళలో ఈ మాట వినబడటం మొదలైంది. ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందంటే ఆ పిన్ని కొడుకే వేళ్ళు మడిచి పన్నులు లెక్కపెట్టాడు. ఎలక్ట్రిక్ కారుకు జీఎస్టీ 5 శాతం. మా లాంటి నాలుగు మీటర్లు దాటిన హైబ్రిడ్‌కు సెస్సుతో కలిపి 43 శాతం ఉండేది, 2025 సెప్టెంబరులో అది 40 అయింది. సగం పుణ్యం చేసినవాడికి పూర్తి పాపం లెక్క అన్నమాట.

మా బావమరిది ఇదంతా వింటూ ఆరో గారె తీసుకున్నాడు. "రేపు హైవే" అన్నాడు.

ఐదో రోజు: బావమరిది గెలిచాడు

రావులపాలెం నుంచి విశాఖ దాకా 225 కిలోమీటర్లు. జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటితే ఇక నున్నటి జాతీయ రహదారి. ఎనభైలో నిలకడగా పోతున్నంతసేపూ మా బండి ముచ్చటగానే ఉంది. క్లచ్ బిగుసుకుని ఇంజన్ నేరుగా లాగుతుంది, కాస్త పల్లం వస్తే చప్పున ఆగిపోతుంది, మళ్ళీ లేస్తుంది. కానీ బావమరిది ముందు నూటికి తక్కువ పోవడం లేదు. వెనకబడితే మా ఆవిడ ముందు నా పరువేం కావాలి? నేనూ నూరు పట్టాను.

వేగం పెరిగేకొద్దీ గాలిని చీల్చడానికే శక్తి పోతుంది. దాన్ని బ్రేకు నొక్కి తిరిగి రాబట్టలేం, ఎందుకంటే గాలి అప్పు తీర్చదు. పైగా హైవే మీద బ్రేకు నొక్కేదే తక్కువ. అంటే హైబ్రిడ్‌కు ఉన్న విద్యలన్నీ అక్కడ అక్కరకు రానివే. మిగిలేది చిన్న పెట్రోలు ఇంజన్, దాని మీద బ్యాటరీ, మోటార్ల బరువు.

అన్నవరంలో ఆగాం. కొండెక్కి సత్యదేవుణ్ణి చూసి, విస్తరాకు పొట్లంలో గోధుమ రవ్వ ప్రసాదం తీసుకుని, చెట్టు నీడన నిలబడి తిన్నాం. నెయ్యి చేతికి అంటింది, స్టీరింగుకూ అంటింది. తుని, నక్కపల్లి, అనకాపల్లి ఎప్పుడు దాటాయో తెలియలేదు.

విశాఖలో ఇద్దరం ఒకే బంకులో నింపుకున్నాం. నాకు లీటరుకు 18. అతనికి 21 దాటింది. నోట్‌బుక్కు తీసుకుని తనే రాశాడు, కింద గీత గీసి మరీ. బంకు గోడ మీద ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అని రాసి ఉంది. ఇథనాల్‌లో లీటరుకు పెట్రోలు కన్నా మూడోవంతు శక్తి తక్కువ, కాబట్టి ఇరవై శాతం కలిస్తే ఆరేడు శాతం మైలేజీ అక్కడే పోతుంది. ఆ సాకు చెప్పాను. "అయినా నేనే" అన్నాడు. నిజమే. రోజూ హైవే మీదే తిరిగేవాళ్ళు నన్ను అడిగితే, హైబ్రిడ్ కొనమని చెప్పను.

సాయంత్రం బీచ్ రోడ్డులో పండగ జనం. ఆ రద్దీలో నా బండి మళ్ళీ మర్యాదస్తురాలైంది. నేను ఏమీ అనలేదు.

ఆరో రోజు: మిక్సీలో పప్పు

పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట. అక్కడిదాకా మైదానం. బొడ్డవర దాటాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది.

మొదటి రెండు మలుపులు బండి బ్యాటరీతో గంతులేసింది. మోటారుకు మొదటి క్షణం నుంచే పూర్తి బలం ఉంటుంది కదా, మలుపులో ఆగి మళ్ళీ ఎక్కడం దానికి లెక్కలోనిది కాదు. మూడో కిలోమీటరులోనే ట్యాంకు ఖాళీ, ఇక బోరు మీదే బతుకు. ఎక్కేటప్పుడు కావలసిన కరెంటంతా అప్పటికప్పుడు తీయాలి కాబట్టి ఇంజన్ పై స్థాయిలో ఒకే శృతిలో గోల పెడుతుంది. బండి వేగం ముప్పై, ఇంజన్ చప్పుడు నూటముప్పైది. మా ఆవిడ, "మిక్సీలో నానని పప్పు వేసినట్టుంది" అంది. గేర్ల బండి నడిపినవాళ్ళకు ఇది మొదట్లో కంగారు పుట్టిస్తుంది, ఏదో జారిపోతోందేమో అని. ఏదీ జారడం లేదు. చెవికీ కాలికీ ఉన్న పాత సంబంధం తెగిపోయింది, అంతే. అలవాటు పడటానికి నాకు ఏడాది పట్టింది.

అనంతగిరి దగ్గర కాఫీ తోటలు మొదలయ్యాయి. ఎత్తైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, నీడలో కాఫీ మొక్కలు. గాలికొండ వ్యూపాయింట్ దగ్గర దిగితే చలికి చెవులు మొద్దుబారాయి. కింద మంచులో కొండల వరసలు. సుంకరమెట్ట దాటి అరకు చేరేసరికి మధ్యాహ్నం. విశాఖ నుంచి 115 కిలోమీటర్లకు సగటున 15. ఘాట్ ఒక్కటే చూస్తే పది కూడా వచ్చి ఉండదు.

బొంగులో చికెన్, ఆ తరవాత అరకు కాఫీ, ఆ తరవాత గిరిజన మ్యూజియం. సాయంత్రం బసలో గదికి వేడినీళ్ళు రాలేదు, రాత్రి తొమ్మిదింటికి ఒక బకెట్టు వచ్చింది. దాన్నే అందరం పంచుకున్నాం. అర యూనిట్ కరెంటు విలువ ఆ రాత్రి బాగా తెలిసింది.

ఏడో రోజు: కొండ తిరిగి ఇచ్చింది

పొద్దున్నే బొర్రా గుహలు చూసుకుని దిగడం మొదలుపెట్టాం. దిగుడులో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే చాలు, మోటారు జనరేటర్‌గా మారి బండిని పట్టి ఆపుతుంది, ఆ కరెంటు బ్యాటరీలోకి పోతుంది. ఆ పట్టు ఎంత గట్టిగా ఉండాలో స్టీరింగ్ వెనక మీటలతో పెంచుకోవచ్చు. బ్రేకు పెడల్ అవసరమే తక్కువ. తెర మీద మైలేజీ అంకె తొంభై తొమ్మిది దగ్గర అతుక్కుపోయింది. అంతకు మించి చూపించే చోటు దానికి లేదు.

మూడు నాలుగు కిలోమీటర్లకే బ్యాటరీ నిండిపోయింది. ఇంకా కొండంతా ముందుంది.

అప్పుడు ఒక వింత జరుగుతుంది. నా కాలు దేని మీదా లేదు, బండి పల్లానికి పోతోంది, ఇంజన్ మాత్రం పెద్దగా అరుస్తోంది. మొదటిసారి వింటే భయపడతారు. పెట్రోలు ఒక్క చుక్క కాలడం లేదు. బ్యాటరీలో చోటు లేక, వస్తున్న కరెంటును ఎక్కడో ఖర్చుపెట్టాలి కాబట్టి, ఆ కరెంటుతో జనరేటర్ ఇంజన్‌ను ఊరికే తిప్పుతుంది. గాదె నిండితే మిగతా ధాన్యం కాకులకు వేసినట్టు.

గాలికొండ దగ్గర టీ తాగుతూ నోట్‌బుక్కులో లెక్క వేశాను. మేము, సంచులు కలుపుకుని బండి బరువు సుమారు 1,500 కిలోలు. అక్కడి నుంచి శృంగవరపుకోటకు సుమారు 1,200 మీటర్ల పల్లం. ఆ దిగుడులో ఉన్న శక్తి దాదాపు ఐదు యూనిట్లు. నా బ్యాటరీలో పట్టేది ఒకటి కన్నా తక్కువ. కొండ ఇస్తానంటోంది, నా దగ్గర గిన్నె లేదు. నగరంలో అలా కాదు. ప్రతి సిగ్నల్ దగ్గరా చెంచాడు వస్తుంది, తరవాతి ఫర్లాంగులో ఆ చెంచాడూ ఖర్చవుతుంది. చిన్న గిన్నె చాలు. ఆ చిన్న బ్యాటరీని తయారుచేసినవాడు అమీర్‌పేటను మనసులో పెట్టుకున్నాడు కానీ అనంతగిరిని కాదు.

లెక్క వేస్తుండగానే కింద లోయలోంచి రైలు కూత. కొత్తవలస కిరండూల్ మార్గం ఈ కొండల్లో సొరంగాలు దూరుకుంటూ వెళ్తుంది. జపాన్‌కు ఇనుప ఖనిజం ఎగుమతి చేయడానికి 1960లలో వేసిన దారి. ఎగువకు ఖాళీ వ్యాగన్లు, దిగువకు బైలదిల్లా ఖనిజంతో నిండినవి. ఈనాటి త్రీ ఫేజ్ విద్యుత్ ఇంజన్లు బ్రేకు వేసినప్పుడు పుట్టిన కరెంటును పైన తీగకే తిరిగి ఇస్తాయి, దాన్ని అదే మార్గంలో ఎక్కుతున్న మరో రైలు వాడుకోవచ్చు. వాటికి గాదె నిండటం అన్న బాధ లేదు. రైలును చూసి కారు అసూయ పడటం అదే మొదటిసారి అయి ఉంటుంది.

బొడ్డవర దగ్గర బావమరిది బండి రోడ్డు పక్కన ఆగి ఉంది. బ్రేకుల నుంచి మాడు వాసన. పిల్లలతో కబుర్లలో పడి మూడో గేరులోనే, బ్రేకు మీద కాలు పెట్టి దిగాడట. చక్రం దగ్గర చెయ్యి పెడితే సెగ తగులుతోంది. అరగంట చల్లబరిచాం. మా చక్రాలు ముట్టుకుని చూశాడు. ఏమీ అనలేదు, నోట్‌బుక్కు మాత్రం అడిగి తీసుకుని ఏదో రాశాడు. తరవాత చూశాను: "ఘాట్ దిగుడు: బావ."

దిగేటప్పుడు 29, ఎక్కేటప్పుడు 15. రెండూ కలిపితే దాదాపు ఇరవై. కొండ ఎక్కి దిగినందుకు మైదానం కన్నా పోయింది కొంచెమే. గిన్నె చిన్నదైనా దొరికినంత పట్టుకుంది పాపం.

ఎనిమిదో రోజు: డిక్కీ

విశాఖ నుంచి మళ్ళీ అత్తగారి ఊరు. ఈసారి ఎనభైలోనే వచ్చాను. పోటీ లేదు, బావమరిది విశాఖలో ఉండిపోయాడు.

హైబ్రిడ్ సెడాన్ కొనేవాళ్ళు మైలేజీ అడుగుతారు, పికప్ అడుగుతారు, డిక్కీ తలుపు తీసి చూడరు. బ్యాటరీ, దాని సరంజామా వెనకాలే కూర్చుంటాయి కాబట్టి స్థలం తక్కువ. మేము పెద్ద సూట్‌కేసులు మానేసి మెత్తటి సంచులకు అలవాటు పడ్డాం. కానీ ఈ సంగతి గోదావరి జిల్లా అత్తగారికి తెలియదు, తెలిసినా ఒప్పుకోరు. వాకిట్లో సిద్ధంగా ఉన్నవి: బియ్యం బస్తా ఒకటి, కొబ్బరికాయలు ముప్పై, బెల్లం, రెండు ఆవకాయ జాడీలు, అరిసెల డబ్బా, ఒక అరటి గెల, పూతరేకులు. మామగారు డిక్కీలోకి వంగి చూసి, "ట్యాంకు చోటు బాగా తినేసింది అల్లుడుగారూ" అన్నారు. ఇప్పుడు ఆయనకు అంతా తెలుసు.

బియ్యం బస్తాను నాలుగు సంచుల్లోకి పంచాం. అరటి గెల వెనక సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుంది. జాడీలు మా ఆవిడ కాళ్ళ దగ్గర.

తొమ్మిదో రోజు: ఇంటికి

ఆ బరువుతో, ఎదురు గాలిలో, లీటరుకు 19. తిరుగు దారి గురించి రాయడానికి పెద్దగా లేదు. తిరుగు ప్రయాణాల్లో ఎవరూ కిటికీలోంచి చూడరు. నార్కెట్‌పల్లి దగ్గర అన్నం తిన్నాం. పక్క బల్ల దగ్గరి కుర్రాడు, "సార్, హైబ్రిడ్ కదా, డబ్బులు తిరిగొస్తాయా?" అని అడిగాడు. పొరుగువాడి బండి గురించి మనవాళ్ళు అడిగే రెండో ప్రశ్న ఇది.

అతనికి చెప్పిందే ఇక్కడా చెబుతాను. మేము కొన్నప్పుడు అదే బండి పెట్రోలు రకానికీ దీనికీ తేడా నాలుగు లక్షలు దాటింది. నేను నెలకు వెయ్యి కిలోమీటర్లు, ఎక్కువగా నగరంలో తిరుగుతాను. మామూలు పెట్రోలు ఆటోమేటిక్ ఆ రద్దీలో లీటరుకు పన్నెండు ఇస్తే, నాది ఇరవై ఇస్తుంది. నెలకు ముప్పై మూడు లీటర్ల తేడా. లీటరు 107 రూపాయలనుకుంటే మూడున్నర వేలు. ఏడాదికి నలభై రెండు వేలు. అంటే తేడా తీరడానికి పదేళ్ళు. కుర్రాడి ముఖం చిన్నబోయింది. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగేవాడివైతే ఐదేళ్ళు అన్నాను. అతను ఫోను తీసి లెక్క వేసుకోవడం మొదలుపెట్టాడు. నాకైతే ఎల్బీనగర్ నుంచి హైటెక్ సిటీ దాకా రోజూ ఆ చప్పుడు లేని బండిలో కూర్చుని వెళ్ళడం, సాయంత్రం ఎడమకాలు నొప్పి లేకుండా ఇల్లు చేరడం కూడా లెక్కలోకి వస్తాయి. నోట్‌బుక్కులో వాటికి గడి లేదు.

మొత్తం 1,700 కిలోమీటర్లు, 86 లీటర్లు. లీటరుకు 19.8. ప్రయోగశాలలో రోలర్ల మీద, నిర్ణీత పట్టిక ప్రకారం నడిపి ప్రకటించే అంకెలు చూసి కొనేవాళ్ళు ఈ ఒక్క వాక్యాన్ని కాస్త నెమ్మదిగా చదవండి. ఆ రోలర్ల మీద అరటి గెల ఉండదు.

నాగోలు చేరేసరికి రాత్రి పన్నెండున్నర. వీధిలోకి తిరగగానే ఇంజన్ ఆగిపోయింది, చివరి రెండు వందల మీటర్లు బ్యాటరీ మీదే వచ్చాం. గేటు ముందు నిలబడ్డాం. లోపల కుర్చీలో దుప్పటి, దాని కింద వాచ్‌మన్. దీపాలు రెండుసార్లు వెలిగించి ఆర్పాను. కదలిక లేదు. మా ఆవిడ ఒళ్ళో పూతరేకుల డబ్బా, కాళ్ళ దగ్గర జాడీలు, దిగే వీలు లేదు. ఇంకాసేపు చూసి, అపార్టుమెంటు అంతా లేచేలా హారన్ కొట్టాను.